మనవాళ్ళని అడగని ప్రశ్న

పక్క ఊరి స్కూల్లో కాల్పులు జరిగి వారమైంది. ఫార్మింగ్టన్ హిల్స్‌లోని త్రివేణి ఇంట్లో తలా ఒక వంటకం తెచ్చుకున్న పాట్‌లక్‌లో కూడా మగవాళ్ళకి అదే గొడవ. మిషిగన్‌లో లేని మరణశిక్ష తెచ్చి ఆ షూటర్‌ని చంపాల్సిందేనని దామోదర్, తుపాకి ఉంచుకోవడం మన హక్కని త్రివేణి భర్త శ్రీకర్ హాల్లో గొంతులు చించుకుంటున్నారు.

దామోదర్ భార్య రేణుకి ఒళ్ళు మండింది. కూతురు తార ఈ రాత్రికి ఇక్కడే ఉండిపోతానంటోంది. అమెరికన్ల ఇంటికైతే, తుపాకి ఉందా అని అడగనిదే రేణు పిల్లని పంపదు. మనవాళ్ళని మాత్రం ఏనాడూ అడగలేదు. మనవాళ్ళ దగ్గర తుపాకులేమిటి? అడిగితే ఏమనుకుంటారు?

ఇవాళ కిచెన్‌లోకి వెళ్ళి అడిగేసింది. "త్రివేణీ, ఏమనుకోకు. మీ ఇంట్లో గన్ ఉందా?"

పెరుగన్నం కలుపుతున్న త్రివేణి చెయ్యి ఆగింది. "ఉంది. మొన్నే శ్రీకర్ కొన్నాడు. పూజగదిలో, పట్టుచీరల కింద పెట్టాను. స్నానం చెయ్యకుండా పిల్లలు అటు వెళ్ళరుగా."

"లాక్ చేశావా?"

"దేవుడి గదికి లాకేంటి రేణూ!" అనేసి, తన మాట తనకే వినబడి త్రివేణి బిత్తరపోయింది. చెయ్యి కూడా కడుక్కోకుండా హాల్లోకి నడిచింది.

"మీ శిక్షలూ మీ హక్కులూ తర్వాత. ముందు వెళ్ళి ఆ గన్‌కో లాక్ కొనుక్కురండి."

దామోదర్, శ్రీకర్ లేచారు. తలుపు దాకా వెళ్ళారో లేదో, సోఫాలో కూర్చుని ఇదంతా వింటున్న చాముండేశ్వరి ఆంటీ పిలిచింది.

"రెండు తీసుకురండి నాయనా. మా ఇంటికొకటి."