మిగిలిన రెండు వైర్లు

సంచి అడుగున తువ్వాలు పరిచి, దాని మీద నాలుగు చొక్కాలు, పక్కన మందుల డబ్బా సర్దింది ఆమె. భర్త తన అన్నగారింటికి ప్రయాణమయ్యాడు. మళ్ళీ గురువారానికి గానీ రాడు.

"గొడుగు పెట్టావా?" కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

"పెట్టానండీ."

"పెట్టానంటావు, అక్కడికెళ్ళి చూస్తే ఉండదు. పోయినసారి దువ్వెన లేదు."

పోయినసారి దువ్వెన ఉంది, పక్క అరలో. తిరిగొచ్చాక తీసి చూపిస్తే, "అక్కడ పెడితే ఎవడికి కనిపిస్తుంది?" అన్నాడు. ఈసారి దువ్వెనని చొక్కాల మీదే, తెరవగానే కంటపడేలా పెట్టింది. ముప్ఫై ఏళ్ళుగా అతని ప్రయాణాలన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగాయి. ఆమె మాత్రం ఎక్కడికీ కదల్లేదు. ఎవరు గడప దాటినా ఆమె గుండెల్లో రాయి పడుతుంది. చిన్నప్పుడు తండ్రి ఇలాగే సంచి భుజాన వేసుకుని వెళ్ళి, మరి కనిపించలేదు. అప్పటినుంచీ వెళ్ళేవాళ్ళు మలుపు తిరిగేదాకా కిటికీలో నిలబడి చూడటం ఆమెకు అలవాటైంది.

అతను చెప్పులు వేసుకుంటూ, "నేనొచ్చేలోగా అటక మీది చెత్తంతా పాతసామాన్లవాడికి వేసెయ్. ఆ ల్యాంపు కూడా," అన్నాడు.

"అది నాదండీ."

"నీదైతే వెలుగుతుందా ఏమిటి?"

ఆ ల్యాంపు నిజంగా ఆమెదే. పెళ్ళికి ముందు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, మొదటి జీతంతో కొనుక్కుంది. పచ్చ రంగు ఇనుప దిమ్మ, వంగే మెడ, రేకు టోపీ కింద చిన్న ట్యూబు. దిమ్మ మీద ఒక ఎర్ర బటన్. దాన్ని నొక్కి పట్టుకోవాలి, ట్యూబు రెండు కొసలూ ఎర్రబడ్డాక వదిలెయ్యాలి. వదిలితేనే వెలుగుతుంది. ఏడో తరగతితో బడి మాన్పించిన పిల్ల ఆ వెలుగులో ఎన్ని పుస్తకాలు, అవి పుస్తకాలు కాకముందే, చదివేసిందో. పెళ్ళయ్యాక కూడా ప్రెస్సు నడిపే అక్క ప్రూఫులు ఇంటికి పంపేది. వంటిల్లు సర్దుకుని ఆమె బల్ల ముందు కూర్చోగానే, "కోడలుగారికి ఆఫీసు టైమైంది, ఇంక ఈ ఇంట్లో ఎవరికీ దాహం వెయ్యకూడదు," అనేది అత్తగారు.

ఎనిమిదేళ్ళ కిందట ఒకరోజు ల్యాంపు వెలగలేదు. "నొక్కి పట్టుకుని వదలాలండీ, ఆ బటన్‌లోనే ఏదో వదులైనట్టుంది," అని భర్తకి చెప్పబోయింది.

"స్విచ్చి ఎలా వెయ్యాలో నువ్వు నేర్పుతావా నాకు?"

మధ్యాహ్నమంతా కూర్చుని, దాన్ని పీకేసి మామూలు స్విచ్చి ఒకటి బిగించాడు. వెలగలేదు. "ట్యూబు పోయింది. ఇలాంటివి ఇప్పుడు రావు," అని తేల్చేశాడు. మర్నాడు ప్రెస్సుకి ఫోన్ చేసిందీ అతనే. "తనకి కళ్ళు సరిగా లేవండీ. ఇంక ఈ పని తనవల్ల కాదు." గిన్నెలు తోముతూ ఆ మాట విన్న ఆమె, నిజంగానే తన కళ్ళు పాడయ్యాయేమోనని కంగారుపడి అద్దంలో చూసుకుంది.

పారేసేదాన్నయినా తుడిచి పారెయ్యడం ఆమె పద్ధతి. అతను వెళ్ళాక అటక మీంచి ల్యాంపు దించి, ట్యూబు ఊడదీసి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు మంచం మీద రెండు దిండ్ల మధ్య పెట్టింది. దిమ్మ తిరగేస్తే అడుగు రేకు ఊగుతోంది. ప్లగ్గు గోడకి లేదని రెండుసార్లు చూసుకుని, కూరగాయల కత్తి మొనతో మరలు విప్పింది.

లోపల నాలుగు వైర్లున్నాయి. స్విచ్చికి రెండే బిగించి ఉన్నాయి. మిగిలిన రెండింటి కొసలకీ నల్ల టేపు ఎంతో పొందిగ్గా చుట్టి ఉంది.

ఆమె కత్తి కింద పెట్టింది. రెండు వైర్లు మిగిలిపోయాయని అతనికి తెలుసు. తెలియకపోతే టేపు చుట్టడు. "ఇవెక్కడివే?" అని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. అడగడం కన్నా ట్యూబు చచ్చిపోయిందనడం తేలికైంది, ఆమె కళ్ళు పోయాయనడం ఇంకా తేలికైంది. పగబట్టి చేసినా ఇంత బాధ ఉండేది కాదు.

ఎర్ర బటన్ ఉన్న పాత స్విచ్చి అతని మరల డబ్బాలోనే దొరికింది, దానికి నాలుగు మరలు. అతను వైర్లని విప్పకుండా కత్తిరించాడు కాబట్టి ఒక్కో మర కింద ఒక్కో రంగు తునక ఇంకా ఉంది. నాలుగో మర మాత్రం వదులుగా, ఖాళీగా ఉంది. జరిగిందల్లా అదే, ఒక్క వైరు జారింది.

మామూలు స్విచ్చి ఊడదీసి, రంగుకి రంగు కలిపి, మిగిలిన తెల్లదాన్ని ఖాళీ మరకి బిగించింది. ట్యూబు ఎక్కించి, ప్లగ్గు పెట్టి, ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంది. కొసలు ఎర్రబడ్డాయి. వేలు తియ్యడానికి భయమేసింది. ఏదైనా వదలడం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు. వదిలింది.

వెలుగు రెండుసార్లు తడబడి నిలిచింది. బల్ల మీద పరిచిన పాత పేపర్లో సన్న అక్షరాలు స్పష్టంగా కనపడ్డాయి. మూడో వరసలో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. ఆమె చెయ్యి పెన్సిల్ కోసం తడుముకుంది.

ఫోన్ చేస్తే ప్రెస్సు అక్కే ఎత్తింది.

"అక్కా, నేను."

"ఎవరూ, కళ్ళు పోయిన పిల్లవా?"

"కళ్ళు బాగానే ఉన్నాయక్కా. అప్పుడూ బాగానే ఉన్నాయి."

"ప్రెస్సు మేడ మీది గది ఖాళీగానే ఉంది," అంది అక్క. "లైటే సరిగా లేదు మరి."

"లైటు నేను తెచ్చుకుంటాను."

రెండు జతల బట్టలు, పెన్సిల్ సంచిలో పెట్టుకుంది. ట్యూబు ఊడదీసి తువ్వాల్లో చుట్టి, ల్యాంపుతో పాటు సర్దుకుంది. గ్యాస్ కట్టేసిందో లేదో మూడుసార్లు వెనక్కెళ్ళి చూసింది. మామూలు స్విచ్చినీ, నల్ల టేపు ముక్కల్నీ అతని కుర్చీ ముందు బల్ల మీద పెట్టింది. తలుపుకి తాళం వేసి, తన తాళంచెవి కిటికీలోంచి లోపలికి జారవిడిచింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఆ కిటికీలో ఎవరూ లేరు.

గురువారం అతను చెప్పిన వేళకే తిరిగొచ్చాడు. బుధవారం పొద్దున్న వెళ్ళిన ఆమె మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.