మా అమ్మాయి చెప్పిన గొప్పలు

చదువుకునే రోజుల్లో మా అమ్మాయి పరీక్షలో పక్కవాళ్ళ కాగితం వైపు కూడా చూసి ఎరగదు. ముప్పై అయిదేళ్ళొచ్చాక, కన్నకూతురి కోసం, నా ఎదుటే మార్కుల దొంగతనం మొదలుపెట్టింది.

దాని కూతురు బుడంకాయకి ఎనిమిదేళ్ళు. పుట్టుకతో వచ్చిన జన్యు జబ్బు. లక్షలో ఒకరికి వస్తుందట, పేరు పలకాలంటే డాక్టర్లకే నోరు తిరగదు. పిల్ల తన పనులు ఎంతవరకు చేసుకోగలదో ఆస్పత్రిలో థెరపిస్టు అడిగి రాసుకుంటోంది. తనంతట తాను చేస్తే రెండు, సాయంతో అయితే ఒకటి, చేయలేకపోతే సున్నా. మార్కులు తగ్గితేనే బడిలో ఆయాను ఇస్తారు. ఆయా లేకపోతే బడి మానిపించడమే. కిందటి నెల బడి మెట్ల మీద పడి పిల్ల పెదవి చిట్లింది కూడా.

అంతా తెలిసే వచ్చింది మా మహాతల్లి.

"బొత్తాలు పెట్టుకుంటుందా?"

"ఓ, చక్కగా!"

పిల్ల ఎప్పుడో ఒక్క బొత్తాం పెట్టుకుంటే చుట్టాలందరికీ ఫోన్లు చేసిన మనిషి.

"అన్నం?"

"తనే తినేస్తుందండీ."

గోడకీ గౌనుకీ పెట్టగా మిగిలింది తింటుంది, కాదనను.

థెరపిస్టు పెన్ను పక్కన పెట్టింది. "పాప సంగతి వదిలేయండమ్మా. ఇవాళ పొద్దున్నుంచి మీరేం చేశారో చెప్పండి."

లేపాను, ఎత్తుకెళ్ళాను, పళ్ళు తోమాను, స్నానం చేయించాను, తినిపించాను... చెబుతూ చెబుతూ అమ్మాయి బావురుమంది. రెండ్లన్నీ సున్నాలయ్యాయి. బుడంకాయ మాత్రం బల్ల కింద కూర్చుని నా చెప్పు లాగేస్తోంది. దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

"ఇంట్లో ఇంకెవరైనా చేసిపెడతారా?"

"మా అమ్మ ఉందిగా," అంది అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ. "సగం పని తనదే."

థెరపిస్టు నన్ను మెచ్చుకోలుగా చూసింది.

నేను ఆదివారం ఆదివారం వస్తాను. టీ తాగి, పిల్లని ముద్దు చేసి, ఎలా పెంచాలో వాళ్ళమ్మకి నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోతాను. మా వీధిలో మాత్రం మనవరాలి భారమంతా నా మీదే ఉన్నట్టు కోతలు కోస్తాను. నలుగురిలో నా పరువు నిలపడానికి, తన కష్టంలో సగం నాకు రాసిచ్చేస్తోంది పిచ్చిది. సిగ్గుతో చచ్చిపోయాను.

"అది రాయకండమ్మా," అన్నాను. "నేనేమీ చెయ్యను. అంతా మా అమ్మాయి ఒక్కతే చేసుకుంటోంది."