మొహమాటం ఫోల్డర్

మా అక్క దర్జీ. బట్టల కొట్టు వెనకగదిలో రోజంతా మెషీను తొక్కుతుంది. తీరిక దొరికితే తన సైట్‌లో కుట్టుపని గురించి రాస్తుంది: చిరిగిన కాలర్ తిప్పి కుట్టడం, జిప్పు మార్చడం, అలాంటివి. "చదివావురా?" అని అడిగినప్పుడల్లా "ఒక్కటీ వదలనక్కా, అదరగొడుతున్నావు" అనేవాణ్ణి. చదివితే ఒట్టు.

మొన్న ఆదివారం మా ఇంటికొచ్చింది.

"నువ్వు బోలెడు సైట్లు ఒకేచోట చదువుతావు కదరా, నాకూ అలా పెట్టివ్వు. బాగా రాసేవాళ్ళని చూసి నేర్చుకుంటా. నువ్వు బాగుందన్నావనే కదా ఇంకా రాస్తున్నది!"

అదెంత పని! ఆమె ఫోన్‌లో ఫీడ్ రీడర్ ఎక్కించాను. ఏ సైట్‌లో కొత్తది వచ్చినా అందులోకి అదే వచ్చి చేరుతుంది. ఇక నేను చదివే సైట్లు ఒక్కొక్కటే చేర్చే ఓపిక నాకెక్కడిది? నా రీడర్‌లోంచి ఓపీఎమ్‌ఎల్ ఫైలు తీసి ఆమె రీడర్‌లోకి ఎక్కించేశాను. చిరునామాలన్నీ ఆ ఒక్క ఫైలులోనే ఉంటాయి. ఏ సైటు ఏ ఫోల్డర్‌లో ఉందో, ఆ ఫోల్డర్‌కి నేనేం పేరు పెట్టుకున్నానో, అదీ ఉంటుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఇలాంటి ఫైళ్ళతోనే నా ఉద్యోగం. పెద్ద మొనగాణ్ణి మరి!

అక్క ఫోల్డర్ల పేర్లు పైకే చదివింది. "వార్తలు... ఆటలు... పాత కెమెరాలు..." ఆగింది. "మొహమాటానికి."

అక్క దాన్ని నొక్కింది. అందులో ఉన్నది ఒకే ఒక్క సైటు, ఆమెది.

"అక్కా, అదీ... ఊరికే..." నాలుగు తిట్టినా బాగుండేది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఛార్జర్ వైరు చుట్టడం మొదలుపెట్టాను.

"సర్లే. మీ కంపెనీ పేజీ ఇందులో ఎలా పెట్టాలి?" అంది.

"ఏ పేజీ?"

"నువ్వు రాస్తావే, మీ సాఫ్ట్‌వేర్‌లో ఏమేం బాగుచేశారో. రోజూ వెతుక్కుని చూస్తున్నా. ప్రింటు బటన్ పనిచేస్తోందని పోయినవారం పెట్టావు కదా. నాకు ముక్క అర్థం కాదనుకో, నువ్వు రాసిందని చదువుతా."

ఆ పేజీని మా మేనేజరే చదవడు. సిగ్గుతో చచ్చిపోయాను. చిరునామా కొట్టి, "ఏ ఫోల్డర్‌లో పెట్టను?" అని అడిగాను.

"అన్నిటికన్నా పైన పెట్టు."

పెట్టాను. అక్క ఫోన్ తీసుకుని సంచీలో వేసుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఒరేయ్, ఈసారైనా మొహమాటపడకుండా చెప్పు. నేను రాసేది బాగుంటుందా? మానెయ్యమంటావా?"

చెప్పడానికి, నేను ఒక్కటైనా చదివి ఉంటే కదా.