ఆళ్లగడ్డ ఓబులేసులు

"ఈపొద్దు పోవద్దులే వందనా. ఏదో జరుగుతాది. నా మనసుకు తెలుస్తాంది."

ఆళ్లగడ్డలో బస్సెక్కేదాకా అంటానే ఉన్నా. దానికి జ్వరం తగ్గి ఒక రోజన్నా కాలేదు. సిరివెళ్ల దగ్గర కళ్లు తిరిగి పడిపోతాదేమోనని నేనూ ఎక్కినా.

"పోయేది ఆసుపత్రికే కదమా. పడితే ఆడనే పడతా," అనింది. నా కూతురి మాట అట్లుంటాది.

నంద్యాలలో ఆ ప్రైవేటు ఆసుపత్రికొచ్చే రోగుల పేర్లు, పడే మందులు, పడని మందులు అన్నీ మనిషికొక కార్డు లెక్కన కంప్యూటర్లో ఉంటాయి. డేటాబేస్ అంటారంట. దాన్ని చూసుకునేది నా బిడ్డే. రోజూ సాయంత్రం దానికి నకలు తీసి వేరేచోట పెడతాది. నేను చదివింది ఏడో తరగతి. నాకు తెలిసింది అంతే.

మేనేజరు శ్యాంసుందర్ గుమ్మంలోనే ఎదురొచ్చినాడు. కోస్తా మనిషి.

"వచ్చావా తల్లీ! ఓబులేసు కార్డేది?"

"ఏ ఓబులేసు సార్?"

"వెటకారమా? నూట పద్దెనిమిది మంది కార్డులు లేవు. వార్డులో ముసలాయనకు ఏ సూది పడదో తెలీక నర్సు చేతులు కట్టుకుని కూర్చుంది."

వందన కంప్యూటర్ ముందు కూర్చుని చూసింది. మొహం ఎర్రబడింది.

"పేరూ ఊరూ ఒకటైతే ఒకే మనిషనుకోని ఒక కార్డు ఉంచి మిగతావి తీసేసినారు. మా ఊర్లో తాత పేరు మనవడికి పెడతారు సార్. ఇంటికొక ఓబులేసు ఉంటాడు. ఇప్పుడు మిగిలింది చంటిబిడ్డ కార్డు."

"తీసింది నీ పేరుతోనే. మొన్నటి నకలంతా వెనక్కి వేసెయ్."

"వేస్తే నిన్నా ఈపొద్దూ చేరినోళ్లు పోతారు. నకలు పక్క మిషన్లో తెరిచి, పోయినోళ్లను మాత్రం తెస్తా."

"పాఠాలు చెప్పకు నాకు!"

గంటన్నరకు పోయిన కార్డులన్నీ తిరిగొచ్చినాయి. నర్సు కాగితం పట్టుకొని వార్డులోకి పరిగెత్తింది. హమ్మయ్య అనుకునేలోపే మేనేజరు వందన ముందర ఇంకో కాగితం పెట్టినాడు.

"నా నిర్లక్ష్యమే అని సంతకం పెట్టు. లేదంటే రేపట్నుంచి రాకు."

"పెట్టేయమ్మా," అన్నా. "పోలీసుల దాకా పోతాదేమో."

"నువ్వు గమ్మునుంటావా?" అని నా మీదికొచ్చింది. మళ్లీ ఆయప్ప వైపు తిరిగింది. "నిన్న నేను జ్వరంతో ఇంట్లో పడుకోనున్నా. ఇది ఆఫీసు రూము కంప్యూటర్ నుంచి జరిగింది. పదకొండూ పదికి."

"ఆ రూములో ఎవరైనా కూర్చుంటారు. నీ పాస్‌వర్డు నువ్వే ఎవరికో చెప్పుంటావ్. పేరు చెప్పు, లేదా సంతకం పెట్టు."

"ఎవ్వరికీ చెప్పలా."

నిన్న పదకొండుకు దాని ఫోన్ మోగితే ఎత్తింది నేను. "అమ్మాయిని లేపకండమ్మా, అర్జెంటు, పాస్‌వర్డు చాలు." ఈ మేనేజరు గొంతే. చెప్పకపోతే ఉద్యోగం తీసేస్తాడేమోనని చెప్పేసినా. నెలనెలా మార్చాలంట, గుర్తుండదని డైరీ అట్టమీద రాసుకుంటాది. అది చూసి చదివినా. తర్వాత దానితో అనలేదు, తిడతాదని.

మేనేజరు నన్నే చూస్తాండాడు, రెప్ప కొట్టకుండా. ఇప్పుడు చెప్తే, రాసిపెట్టుకోవడమే తప్పంటాడు. బిడ్డ మెడకే చుట్టుకుంటాది. చెప్పకపోతే సంతకం. ప్రభువా, ఎటు పోయినా గుంతే.

"మా," అనింది వందన, నా కళ్లలోకి చూసి. "నిన్న నా ఫోన్ ఎవురన్నా ఎత్తినారా?"

నేల చూసినా.

"నిన్నే అడుగుతాండా."

కొంగు వేలికి చుట్టుకుంటా కూర్చున్నా. వార్డులోంచి ఎవరో వచ్చి, మా మొహాలు చూసి వెనక్కి పోయినారు. వందన మూడోసారి అడగలేదు. పెన్ను తీసుకుంది. కాగితం దగ్గరికి లాక్కుంది. పేరులో మొదటి అక్షరం కూడా రాసింది.

"నేనే ఎత్తినా," అన్నా. "ఈ సారే ఫోన్ చేసినాడు. పాస్‌వర్డు ఒక్కో అక్షరం రెండుసార్లు చెప్పించుకున్నాడు."