బ్రేకు వ్యాను కొక్కెం

ఇలా రావే అమ్మాయ్, దగ్గరికి రా. ఆ పీట లాక్కుని నా మోకాలి పక్కన కూర్చో. చెవులు మందగించాయి గానీ నోటికేం రోగం రాలేదు నాకు. మీ తాతయ్య బొమ్మ రైలు సంగతి మీ అమ్మ ఒకలా చెప్పుంటుంది, మీ మావయ్య ఇంకోలా చెప్పుంటాడు. వాళ్లు విన్నది వాళ్లు చెప్పారు. నేను చేసింది నేను చెప్తా.

ఎనభై ఆరో సంవత్సరం. మేం నల్లపాడు రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. మీ తాతయ్య జక్రయ్య వ్యాగన్లు రిపేరు చేసే ఫిట్టరు. నాది మిరపకాయల తొడిమలు తీసే పని. షావుకారు మనిషి బస్తా తెచ్చి వసారాలో గుమ్మరించి పోయేవాడు. కాయ ఇటు, తొడిమ అటు. పొద్దు వాలేసరికి వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టుండేవి. మజ్జిగలో ముంచేదాన్ని, కొబ్బరినూనె రాసేదాన్ని. ఆయనేమో, "ముట్టుకోమాకే, మంట" అని ఆమడ దూరం జరిగేవాడు. అన్నం మాత్రం ఆ చేతుల్తోనే వండాలి, ఆ చేతుల్తోనే వడ్డించాలి, అప్పుడు మంట గుర్తొచ్చేది కాదు ఆయనకి.

ఒక పెద్దాఫీసరు రిటైరై పోతూ తన బొమ్మ రైలుని గుంటూరులో రైల్వే వాళ్ల క్లబ్బుకి ఇచ్చిపోయాడు. ఇంజను, ఇరవై వ్యాగన్లు, చివర గార్డు కూర్చునే బ్రేకు వ్యాను. అచ్చం మన గూడ్సు బండే, కాకపోతే వ్యాగను నా అరచేయంత. ఒకదానికొకటి తగిలించే కొక్కేలు పెళుసెక్కి పుటుక్కు పుటుక్కున విరిగిపోయాయి. మద్రాసు నుంచి కొత్తవి తెప్పించారు. ఏప్రిల్లో రైల్వే వారం జరుపుతారు కదా, ఆ పండగ రోజుకి ఈ బండి నడవాలన్నారు. ఆ పని మీ తాతయ్యకి ఒప్పజెప్పారు.

ఇంటికి తెచ్చాడు. తెచ్చిన రోజు నుంచీ నా కడుపులో కుంపటి రాజుకుంది. నవ్వకే, చెప్తున్నా కదా. చెక్కపెట్టెలో దూది పరిచి ఒక్కో వ్యాగన్నీ పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టేవాడు. దుమ్ము పడితే పెదాలు సున్నాలా పెట్టి ఊదేవాడు. నా కంట్లో నలుసు పడిన రోజున, "కుళాయి కింద కడుక్కో పో" అన్న మనిషి! ఒకరోజు పెట్టె తెరిచి చూద్దును గదా, వ్యాగన్లు తుడిచే గుడ్డ నా పెళ్లినాటి తెల్లచీర కొంగు. అడక్కుండా చించాడు. "మెత్తగా ఉంటదని" అన్నాడు. మెత్తనిదని తెలుసన్నమాట. ఆ చీర కట్టుకుని చర్చిలో ఆయన పక్కన నిలబడ్డప్పుడు మెత్తగా ఉందని ఒక్క మాట అన్నాడా? సవతి వచ్చినా నేనంత ఏడ్చేదాన్ని కాదేమో. సవతికి కనీసం నోరుంటుంది, తిట్టుకోవచ్చు. ఈ ఇరవై ఒక్క మందినీ ఏమని తిట్టను?

కొక్కెం వెనక వెంట్రుకలాంటి స్ప్రింగు ఉండేది. ఆయనవేమో సుత్తి పట్టే వేళ్లు. ఒకనాడు అది టింగుమని ఎగిరి నా మిరపకాయల కుప్పలో పడింది. ఆయన తల పట్టుకున్నాడు. మా అత్త పుల్లమ్మ, "మగాడు పని చేసుకునే చోట ఈ కుప్పలేంటే, దరిద్రం!" అని నా మీదకి లేచింది. నేను కాయ పక్కన కాయ జరుపుకుంటూ పోయి, గింజల మధ్య మెరుస్తుంటే పట్టుకున్నా.

"ముట్టుకోమాకే!" అన్నాడు.

"ముట్టుకోకుండా ఎట్టా తీసేదండీ, నోటితోనా?"

తీశాను. ఆయన చేతిలో వ్యాగను ఉండగానే ఆ స్ప్రింగుని దాని గూట్లో కూర్చోబెట్టాను, కొక్కెం పెట్టి మర బిగించాను. తొడిమ తుంచే వేళ్లకి అదెంత! ఆయన నోరు తెరిచి చూశాడు. మెచ్చుకోలేదు. "ఊ" అన్నాడు.

ఆనాటి నుంచీ ఆయన డ్యూటీకి పోగానే కుంకుడు రసంతో, ఆపైన మజ్జిగతో చేతులు కడుక్కుని కూర్చునేదాన్ని. కొక్కేలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి దిగితే పట్టాలకి తగిలేది, ఒకటి లేస్తే మలుపులో ఊడిపోయేది. ఆయనకి ఎంతకీ కుదరలేదు ఆ సంగతి. నేను అగ్గిపెట్టె పక్కన నిలబెట్టి ఎత్తు చూసుకుని, దిగినదాని కింద అట్టముక్క సన్నగా కత్తిరించి పెట్టేదాన్ని. సాయంత్రం వచ్చి చూసి మళ్లీ "ఊ" అనేవాడు. ఆ ఊ కోసం ఎదురుచూసేదాన్ని, సిగ్గు విడిచి చెప్తున్నా. ఒకరోజు మనసు బాగుండి, "ఆ రోజు నిన్నూ తీసుకెళ్తాలే దీనమ్మా. ఇది మా ఆవిడ పనితనం అని పెద్దాయనకి చెప్తా" అన్నాడు. ఆ మాట కొంగున ముడేసుకుని నెల్లాళ్లు తిరిగాను.

పండగ రేపనగా బ్రేకు వ్యాను ఒక్కటే మిగిలింది. నేను వంటింట్లో ఉన్నా. వసారాలో మా అత్తతో అంటున్నాడు: "దీంట్లో దాని చెయ్యి పడిందని ఎక్కడా అనమాకమ్మా. పెళ్లాం చేత చేయించాడని నవ్వుతారు."

"నేనెందుకంటానురా? దానికసలే పొగరు."

బియ్యం కడుగుతున్న చెయ్యి కడుగుతానే ఉంది.

మర్నాడు పొద్దున ఆ బ్రేకు వ్యానుకి కొక్కేలు పెట్టి ఆయనకిచ్చాను.

క్లబ్బు హాల్లో బల్ల చుట్టూ తాడు కట్టారు. పిల్లా పెద్దా ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు ఆయన, అది నాకు ముందే తెలుసు. నేను వెనక ఆడవాళ్లలో నిలబడ్డా. బండి కదిలింది. మలుపు తిరిగింది. ఒక్క కొక్కెం ఊడలేదు. నా గుండె ఆ బండితో పాటే తిరిగిందే అమ్మాయ్. చప్పట్లు! ఆ రిటైరైనాయన చోట్లో వచ్చిన పెద్దాఫీసరు గారు, "భేష్ జక్రయ్యా! ఏం చెయ్యయ్యా నీది!" అన్నారు.

"ఏదో సార్, నేనొక్కణ్ణే కూర్చుని..." అంటా ఈయన బ్రేకు వ్యాను ఎత్తి, బొటనవేలితో కొక్కెం ఆడించి చూపించాడు. ఎవరైనా మెచ్చుకుంటే కుడికన్ను నులుముకోవడం మీ తాతయ్యకి పుట్టుకతో వచ్చిన అలవాటు. పాస్టరుగారు మెచ్చుకున్నా అంతే. నులుముకున్నాడు.

"అమ్మో! సచ్చాన్రో!"

నీళ్లన్నారు, పాలన్నారు. ఆఫీసరుగారి భార్య ఆ వ్యాను తీసి వాసన చూసి, "ఇది మిరపకాయ ఘాటే! మీ ఇంట్లో మిరపకాయల పని ఎవరిదయ్యా?" అంది. ఈయన కన్ను మూసుకుని ఇంకా నులుముకుంటానే ఉన్నాడు.

"నాదండీ" అన్నాను. హాలంతా వెనక్కి తిరిగింది. "కొక్కేల పని కూడా నాదేనండీ."

"ఏదీ, ఒకటి పెట్టి చూపించమ్మా" అన్నారు ఆఫీసరుగారు, నవ్వుతానే.

తాడు పైకెత్తి లోపలికి పోయాను. "ఎవరి దగ్గరైనా అగ్గిపెట్టుందా అండీ?" అన్నాను. నాలుగు చేతులు జేబుల్లోకి పోయాయి. నేను మర తిప్పుతుంటే ఆ హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా.

ఇంటికొచ్చాక పాలగుడ్డ కంటికి అద్దుకుంటూ అడిగాడు, "కావాలనే చేశావా?"

"అయ్యో, చేతులు కడుక్కోవడం మర్చిపోయానండీ."

అదే ఊరంతా పాకింది. క్రిస్మస్‌కి అందరూ చేరితే ఇప్పటికీ అదే చెప్పుకుని నవ్వుతారు, అమ్మమ్మ మతిమరుపు అని. ఆయనా అదే నమ్మి పోయాడు, లేకపోతే నమ్మినట్టుండి పోయాడు.

నేనేం మర్చిపోలేదే. ఆ పొద్దున తొడిమలు తీసి లేచి కుళాయి దగ్గరికి పోయాను. తిప్పాను. నీళ్లు పడుతుంటే కాసేపు చూశాను. కట్టేసి, వచ్చి వ్యాను ఒళ్లో పెట్టుకున్నాను.

గుర్తుపెట్టుకో. నా తర్వాత నీ పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు, కుళాయి కట్టేసిన సంగతి కూడా చెప్పు.