దూలము క్రింది సంతకము

ఆషాఢమేఘములు సాగరగర్భమునుండి గజయూథములవలె లేచి రేవుపట్టణమందలి యోడస్తంభములను గోదాముల కప్పులను సమానముగ గ్రమ్ముకొనుచుండ లవణానిలముచే దినబడి యినుపచువ్వలు బయల్పడిన నాలుగంతస్తుల కూలీల క్వార్టర్సు గాయపడియు నేలకొరగని వృద్ధయోధునిబోలె నిలిచియుండెను. రెండవ మహాయుద్ధము ముగిసినపిమ్మట రేవుకూలీల నిమిత్తమై సర్కారువారు కట్టించిన యా నివాసమును గూల్చి క్రొత్తది కట్టుదుమని యధికారులును గూల్చవలదు మరమ్మతు చేయుడని పదునాఱు కుటుంబములవారును మూడేండ్లుగ గలహించుచుండిరి.

కడపట నొక యొడంబడిక కుదిరెను. మూడవయంతస్తున నూకరత్నము ఇంటి దూలమునగల పగులుపై సన్నని గాజుపలక నొకదానిని సిమెంటుతో నతికించి నెలదినములు చూచుట. పలక నిలిచినచో మరమ్మతు. చీలినచో బగులు పెరుగుచున్నదని రుజువు; ఇండ్లు ఖాళీ చేయవలయును.

నూకరత్నము ఏడునెలల పసికందునకు దల్లి. ఆనాటినుండి యామె యుయ్యాలను గుమ్మముచెంతకు జరిపి బిడ్డ మొగమునొకసారి పలకనొకసారి చూచుచు దినములు గడపెను. ఇరువదియాఱవనాటి యుదయమున బలక నడిమికి జీలియుండెను.

"ఎవులూ సూడ్నేదు గదే! ఇంకో గాజుముక్క అతికించీసి ఊరుకుందుం" అని పొరుగింటి గురువులు తాత గుసగుసలాడెను.

"గాజు మార్సెత్తే దూలం మారుతాదేటి తాతా? నా పిల్ల నెత్తిమీద అబద్ధం యేలాడగట్టమంటావేటి?"

ఇట్లని యామె తానే ఇంజనీరుకు గబురంపెను. కొంప ముంచినదని యిరుగుపొరుగువారు మెటికలు విఱిచిరి.

ఇంజనీరు పట్టాభి మధ్యాహ్నమునకు వచ్చి గుమ్మము వెలుపలనే నిలిచి పలకను జూచి తృప్తిగ దలయూచెను. "ఎల్లుండికి ఖాళీ చెయ్యండమ్మా. కొత్త బిల్డింగులో మీ అందరికీ ఇళ్లిస్తాం. నా మాట నమ్మండి."

"మాట గాలికి కొట్టుకుపోతాది బాబూ. పదారు కొంపలోల పేర్లూ ఎట్టి కాయితం రాయండి."

"ఆఫీసుకు రండి, రాయిస్తాను."

"ఆపీసు దూలం గట్టిగుంటాది గావాల. ఈడ కూకుంటే బేగి రాస్తారు."

బిడ్డను గురువులు తాతచేతికిచ్చి క్రిందికి బంపి తాను సరిగ నా పగులు క్రిందనే చతికిలబడి ప్రక్కన ముక్కాలిపీట వైచెను. "ఎలిపొండి బాబూ, మిమ్మల్నెవులూ ఆపరు. కాయితం లేందే నాను మాత్రం ఈడ్నుంచి నెగను." బ్రతికియున్న మనిషి కూర్చున్న యింటిని గూల్చు పద్ధతి యేశాసనమునను లేకుండుటచే నాతడు నిట్టూర్చి లోనికి వచ్చి పీటపై గూర్చుండి వ్రాసెను.

ఆమె కాగితమునందుకొని వ్రేలితో నొక్కొక్క యక్షరమును దడవుచు జదువసాగెను. సున్నపుబెచ్చొకటి రాలి యాతని భుజముపై బడెను.

"ఇంకా అవలేదా?"

"అయిదో కలాసుతో మానీసినాను బాబూ. కూడబలుక్కోవాల గదా."

మెట్లపై గుమిగూడిన యిరుగుపొరుగువారు కిసుక్కున నవ్విరి. తుదిపంక్తియందు 'వీలునుబట్టి' యనుచోట నామె వ్రేలు నిలిచిపోయెను.

"ఈ మాట కొట్టీండి."

"అది మామూలుగా రాసేదేనమ్మా!"

"మాకు మామూలుగా జరిగీదీ అదే."

ఆతడు కప్పువంక జూచి కలమెత్తి యా మాటను గొట్టివైచి ప్రక్కన సంతకము చేసెను.

భయమెఱుగనివారినే ధీరులనుట లోకపు వాడుక. సిరా యాఱినపిదప నూకరత్నము లేచి పగులువంక మరల గన్నెత్తక పరుగుపరుగున మెట్లు దిగెను. కాగితమును మాత్రము బిడ్డనెత్తుకొన్న పిమ్మటను జేతినుండి విడువలేదు.