పైడయ్య గారి గోడ

మా ముందుగదిలో గోడ మీద ఒక పెద్దాయన ఫొటో ఉంటుంది. ఖాకీ చొక్కా, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, ఫొటో తీసినవాడి మీద కోపం వచ్చినట్టుండే ముఖం. అడుగున ఎర్ర రంగుతో 'కీ.శే. బొడ్డు పైడయ్య, ఫిట్టర్' అనీ, ఆయన పోయిన తారీఖు నవంబరు పద్నాలుగు అనీ రాసి ఉంటుంది. బ్లౌజు కొలతలివ్వడానికి కొత్తగా వచ్చినవాళ్లు మీ మామగారా అని అడుగుతారు. కాదు, ఇంటి ఓనరు తండ్రి అంటే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, సంగతి అలాంటిదే.

మేమున్నది బెంగాల్లో ఒక రైల్వే ఊళ్లో, ఓల్డ్ సెటిల్‌మెంట్‌ అనే పేటలో రైల్వే క్వార్టరు. పైడయ్య గారు ఉద్యోగంలో ఉండగానే పోతే ఆ ఉద్యోగమూ ఈ క్వార్టరూ కొడుకు హరిబాబుకి వచ్చాయి. తొమ్మిదేళ్ల కిందట హరిబాబు ఊళ్లోనే మలంచాలో సొంత ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాడు. క్వార్టరు మాత్రం రైల్వేకి అప్పజెప్పకుండా మాకు అద్దెకిచ్చాడు. అలా ఇవ్వకూడదు. దొరికితే ఆయన జీతంలోంచి జరిమానా కోస్తారు, మా సామాను రోడ్డు మీద పెడతారు. అది తెలిసే ఇచ్చాడు, అది తెలిసే మేమూ చేరాం. టోటో, అంటే బ్యాటరీ రిక్షా, నడిపే మనిషికీ, మిషను కుట్టే ఆడదానికీ మూడు వేలకి రెండు గదులు ఇంకెక్కడ దొరుకుతాయి?

వెళ్లేటప్పుడు హరిబాబు అన్నీ తీసుకెళ్లాడు గానీ తండ్రి ఫొటో మేకుకే వదిలేశాడు. "సెకింగోళ్లు వస్తే మా సంసారం ఉన్నట్టు కనిపిస్తాది, ఉండనీ" అన్నాడు. నాకో మాట కూడా నేర్పాడు. ఎవరైనా అడిగితే హరిబాబు చెల్లెల్ని అనాలి. తొమ్మిదేళ్లలో నాలుగుసార్లు చెకింగుకి వచ్చారు. వీధి మొదట్లో ఉండే పోలమ్మ వాళ్లను చూడగానే నాకు కబురు చేస్తుంది. నేను హరిబాబుకి ఫోన్ చేస్తాను. ఆయన వర్క్‌షాపు నుంచి బండి మీద పది నిమిషాల్లో వచ్చి, చొక్కా విప్పేసి, బనీనుతో కుర్చీలో కూర్చుంటాడు. నేను అన్నయ్యా టీ అంటాను, ఆయన సెల్లీ పంచదార తగ్గించు అంటాడు. వచ్చినవాళ్లు వీధి మలుపు తిరగ్గానే అన్నయ్యా ఉండడు, చెల్లీ ఉండదు. మిగతా రోజుల్లో ఆయన ఒకటో తారీఖున వస్తాడు, చెప్పులతోనే గుమ్మంలో నిలబడతాడు, అద్దె లెక్కపెట్టుకుని వెళ్తాడు. గదిలోకి తొంగి కూడా చూడడు.

దీపం పెట్టే ఇంట్లో పోయినాయన ఫొటోకి ఒక అగరొత్తి అయినా గుచ్చకుండా నాకు మనసొప్పలేదు. మొదటి ఏడు అగరొత్తితోనే సరిపెట్టాను. తర్వాత పక్కింటి జోగమ్మ గారు, ఆవిడ పైడయ్య గారిని ఎరిగిన మనిషి, ఆయనకి చేపల పులుసూ గారెలూ ఇష్టమనీ, చుట్ట లేనిదే పొద్దు గడిచేది కాదనీ చెప్పింది. విన్నాక ఊరుకోగలనా? అప్పట్నుంచి ఏటా నవంబరు పద్నాలుగున ఆకు వేసి ఆ రెండూ పెడుతున్నాను. గోల్‌బజార్‌లో వెతికి ఒక చుట్ట కూడా కొనుక్కొచ్చి పక్కన పెడతాను. దణ్ణం పెట్టుకున్నాక ఆ ఆకు కొడుకు తినాలి. కొడుకు రాడు కాబట్టి మా ఆయన బుజ్జిబాబు తినేవాడు, తింటూ ఎత్తిపొడిచేవాడు.

"నా బాబుకెప్పుడైనా సుట్ట ఎట్టినావేటి?"

"మీ నాన్న సుట్ట తాగేవోడు కాదు గదా" అనేదాన్ని.

మొన్న అక్టోబరు ఒకటిన హరిబాబు వచ్చాడు. అద్దె జేబులో పెట్టుకున్నాక కూడా కదల్లేదు.

"సూడమ్మా, డిసెంబరు నుంచి నాలుగున్నర వేలు. నీళ్ల ఫీజు రెండొందలు ఏరే. రిస్కు ఫీజు అయిదొందలు."

"రిస్కు ఫీజేటండీ?"

"సెకింగులు ఎక్కువైపోనాయి. దొరికితే నా జీతం కోస్తారు. ఆ రిస్కు నాదే గదా."

"దొరికితే మా సామాను రోడ్డు మీదేస్తారు. ఆ రిస్కు మాది కాదేటి? దానికి ఫీజు మాకెవులిస్తారు?"

ఆయన జేబులోంచి బండి తాళం తీశాడు. పొద్దున్న అరగంట వచ్చే కుళాయికి రైల్వేవాళ్లు మీ దగ్గర ఎంత కోస్తారని అడిగాను. 

"ఆ లెక్కలు నీకెందుకు? ఇష్టముంటే ఉండండి. నేకపోతే నవంబరు ఆఖరుకి ఖాళీ సేసీండి. ఇన్‌స్టిట్యూట్‌లో పనికొచ్చిన కుర్రోళ్లు ఆరు వేలిస్తామంతన్నారు" అని బండెక్కి వెళ్లిపోయాడు.

మూడు వేలది ఒక్కసారిగా అయిదు వేల రెండు వందలు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు కత్తిరించిన జాకెట్టు చంకల దగ్గర బిగుతైపోయి మళ్లీ గుడ్డ కొనివ్వాల్సి వచ్చింది. అదీ ఆయన ఖాతాలోనే రాసుకున్నాను.

వేరే ఇళ్లు చూడకపోలేదు. మలంచాలో రెండు గదులకి ఏడు వేలు, రెండు నెలల అడ్వాన్సు. ఒకావిడ అద్దె తగ్గించడానికి ఒప్పుకుంది గానీ మిషను చప్పుడు పనికిరాదంది. ఊరవతల చవగ్గా ఉన్నాయి. కానీ నా దగ్గర కుట్టించుకునే వాళ్లంతా ఈ వీధుల్లోనే ఉన్నారు, బ్లౌజు కోసం ఎవరూ టోటో ఎక్కి రారు. ఇల్లు మారితే పోయేది రెండు గదులు కాదు, తొమ్మిదేళ్లుగా కూడబెట్టుకున్న నా పని. ఆ మాట బుజ్జిబాబుతో అనబోయి ఏడ్చాను. ఆయన టోటో కడగడానికి వెళ్లాడు.

పోలమ్మ మాత్రం తేల్చి చెప్పింది. "కూకుని ఏడవడం దేనికే? ఈసారి సెకింగోళ్లు వస్తే ఉన్నమాట సెప్పీ. అద్దెకున్నాను అను. రిస్కంటే ఏటో ఆడికి తెలుస్తాది."

ఆ మాట నాకు నచ్చింది. దాచుకోవడమెందుకు, బాగా నచ్చింది. మేం పోవడం ఎలాగూ తప్పదు, ఒంటరిగా పోవడం దేనికనిపించింది. వచ్చేది బెంగాలీ ఇన్‌స్పెక్టరు కాబట్టి బెంగాలీలోనే తయారుచేసి పెట్టుకున్నాను. ఆమి భాడాటే. నేను అద్దెకున్న మనిషిని. రెండు మాటలు. మిషను తొక్కుతూ రోజూ అనుకునేదాన్ని.

ఇంతలో నవంబరు పద్నాలుగు వచ్చింది. పెట్టనా మాననా అని ముందురోజంతా కొట్టుకున్నాను. కోపం కొడుకు మీద, తండ్రి ఏం చేశాడు? తెల్లారి లేచి మినప్పప్పు రుబ్బాను.

"ఈయేడు కూడానా?" అన్నాడు బుజ్జిబాబు.

"ఇదే ఆఖరు" అన్నాను.

బుజ్జిబాబు టోటో తీసుకుని స్టేషన్‌కి వెళ్లాడు. నేను ఫొటోకి కొత్త దండ వేసి, దీపం వెలిగించి, ఆకులో పులుసూ అన్నమూ గారెలూ వడ్డించి, పక్కన చుట్ట పెట్టాను. దణ్ణం పెట్టుకుని లేస్తుండగా పోలమ్మ ఫోన్. ఇద్దరు మనుషులు, చేతిలో ఫైలు, మూడో ఇంటి దగ్గరున్నారు.

 హరిబాబుకి ఫోన్ చేశాను. చేయకుండా ఉండొచ్చు. కానీ ఆ రెండు మాటలూ ఆయన ఎదుటే అనాలనిపించింది.

వాళ్లు మా గుమ్మం ముందుకి వచ్చేసరికి హరిబాబు కూడా బండి దిగాడు. చొక్కా గుండీలు విప్పుతూ గబగబా వచ్చి వాళ్ల వెనక ఆగిపోయాడు. ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి. నన్ను చూసి, ఆప్‌నీ కే, మీరెవరు అని అడిగాడు. మాట నాలిక మీదికొచ్చింది. అంతలో ఆయన చూపు నా వెనక దీపం మీద పడింది. ఆకు చూశాడు, దండ చూశాడు. ఒక అడుగు వెనక్కి వేసి, బూట్లు బయట విప్పి, లోపలికి వచ్చి ఫొటోకి చేతులు జోడించాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఇని కే?"

ఈయనెవరు అని. ముందు దీనికి జవాబు చెప్పాలి. పైడయ్య గారి వైపు చూశాను. ఎప్పట్లాగే కోపంగా ఉన్నాడు. నేను అద్దెకున్న మనిషినైతే ఈయన నాకు ఏమీ కాడు. ఆ మాట పైకి అనాలి. పొద్దున్నే లేచి ఎవరికోసం పిండి రుబ్బానో, ఎవరి ముందు ఇప్పుడే ఆకు వేశానో, ఆ మనిషి ఎదురుగా నిలబడి ఈయన నాకేమీ కాడని అనాలి. నాకు నోరు రాలేదు.

"ఆమార్ బాబా" అన్నాను.

మా నాన్న అని. ఆ రెండు మాటలు నాకెవరూ నేర్పలేదు.

ఇన్‌స్పెక్టరు తలూపాడు. ఇంకేమీ అడగలేదు. ఫైల్లో ఏదో రాసి హరిబాబు చేత సంతకం పెట్టించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆయన యూనిఫాం వైపు చూసి, "బాబా కా దిన్, ఆజ్ భీ డ్యూటీ?" అన్నాడు, తండ్రి తద్దినం రోజు కూడా డ్యూటీయేనా అని. హరిబాబు విప్పిన గుండీలు మళ్లీ పెట్టుకున్నాడు.

వాళ్లు వెళ్లిపోయాక హరిబాబు మిషను పక్కనున్న కేలండరు వంక చూశాడు.

"ఇయ్యాల పద్నాలుగా?"

నేను దీపంలో నూనె పోశాను.

"మరిసిపోనాను" అన్నాడు. ఆకు పక్కన చుట్ట అప్పుడు కనబడింది ఆయనకి. "సుట్ట సంగతి నీకెవులు సెప్పినారు?"

"జోగమ్మ గారు. ఏటా ఎడతన్నాను."

ఆయన వెనక్కి వెళ్లి చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. నా కోపం ఇంకా చల్లారలేదు. అబద్ధం ఆడింది తండ్రి కోసం గానీ కొడుకు కోసం కాదు. అందుకే అనదలచుకున్నది అనేశాను.

"నెలాఖరుకి ఎల్లిపోతాం. ఫొటో ఇయ్యాలే అట్టుకెళ్లిపోండి. వచ్చేవోళ్లు కుర్రోళ్లు, అగరొత్తి గుచ్చరు."

హరిబాబు రెండు చేతులతో ఫొటో దించాడు. దాని వెనక గోడ లేత నీలంగా, కొత్తగా ఉంది. చుట్టూ అంతా అగరొత్తి పొగకి నల్లబడి ఉంది. ఆయన ఆ గోడనే చూస్తూ నిలబడ్డాడు.

"మా ఇంట్లో మేకు కొట్టనీదు మీ వదిన. కొత్త గోడ పాడైపోద్దంతాది."

అని ఫొటో మళ్లీ మేకుకే తగిలించి, దండ సరిచేశాడు.

"మరి అద్దో?" అన్నాను. ఇలాంటప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేం.

"నీళ్ల ఫీజొద్దు, రిస్కు ఫీజొద్దు. అద్దె మాత్తరం ఒక అయిదొందలు పెంచు. నాకూ కర్సులున్నాయి."

"మూడొందలు."

ఆయన సరే అన్నాడు. మా మధ్య కాగితం ఉండదు, ఉంటే అది ఇద్దర్నీ ముంచుతుంది. అందుకని మీ నాన్న ఫొటో మీద చెయ్యేసి చెప్పమన్నాను. వేసి చెప్పాడు.

అప్పుడు పీట వేసి ఆకు ఆయన ముందుకి జరిపాను. ఇన్నేళ్లకి ఆ ఆకు తినవలసిన మనిషి వచ్చాడు. ఆయన తలెత్తకుండా తిన్నాడు, ముళ్లు నెమ్మదిగా ఏరుకుంటూ, పులుసు మళ్లీ వేయించుకుని. ఒకసారి మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు గ్లాసులో నీళ్లు నింపాను.

చెయ్యి కడుక్కుని గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆగాడు.

"వచ్చేయేడు సుట్ట నాను తెత్తాను, సెల్లీ."

ఇన్‌స్పెక్టరు వెళ్లి అప్పటికి గంట దాటింది. వీధిలో ఎవరూ లేరు.